పదమూడో నొక్కు

నా చిన్నప్పుడు ఫోటో అంటే మనిషికే తీసేవారు. చెట్టుకీ మబ్బుకీ ఫిలిం పాడుచేసేవాణ్ణి మా చిక్కడపల్లి గల్లీలో పిచ్చివాడి కిందే జమకట్టేవారు. ఆ పిచ్చివాడు మా చిన్నాయన.

నాకప్పుడు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. మృగశిర కార్తె వచ్చిన మూడో రోజు, బుధవారం. అన్ని లెక్కలూ రాసుకునే నా నోట్‌బుక్కు చూడకుండానే చెబుతున్నాను. చూసినా అదే ఉంటుంది.

మా గోడ అవతల వకీలు గారింట్లో నేరేడు చెట్టు ఉండేది. సగం కొమ్మలు మా వైపే. మా నాయనమ్మ ఆరేసిన తెల్లచీరల మీద ఆ పండ్లు రాలి ఊదా మరకలు పడేవి. ఆ వారం నేను లెక్కపెట్టినవి ఇరవై మూడు. అందులో మూడు కాకుల పని, ఆ మూడూ చెట్టు ఖాతాలో వేయకూడదని చెప్పినా నాయనమ్మ వినలేదు. పొద్దున్నే చీపురుతో పాటే తిట్లూ మొదలయ్యేవి. చివరికి ఆ రోజు వకీలు గారు విసిగిపోయి, వచ్చే బుధవారం చెట్టు కొట్టిస్తానని మాటిచ్చారు.

చిన్నాయన మాత్రం ప్రతి వానాకాలం డాబా ఎక్కి, మబ్బు ముందు ఆ చెట్టును చూస్తూ తడిసేవాడు. కొట్టొద్దని తల్లిని ఒక్కసారి అడిగాడు. "చీరలు నువ్వుతుకుతవారా?" అంది. ఆయన వెళ్లి నారాయణగూడలోని స్నేహితుడి దగ్గర డబ్బా కెమెరా అడిగి తెచ్చాడు.

ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. ఒకటి తీయగానే వెనక ఎర్రకిటికీలో తరవాతి అంకె కనిపించేదాకా మర తిప్పాలి, లేకపోతే ఒకదాని మీదొకటి పడుతుంది. ఆ పని నాది. ఏ అంకె ఎవరిదో రాయడం కూడా నాదే.

కెమెరా సంగతి తెలిసి గల్లీ మొత్తం పౌడరు పూసుకుని వచ్చింది. పక్కింటి అత్తమ్మ ఒక్కతే మూడు తీయించుకుంది, మూడింటిలోనూ కళ్ళు మూసుకుంది. పదకొండు అయిపోయాయి. చివరిది నాయనమ్మకు. చిన్నాయన తలుపుకు నల్ల కంబళి కట్టి, దాని ముందు ఆమెను కూర్చోబెట్టాడు.

"కంబళెందుకురా? నేనేమన్న పెండ్లిపిల్లనా?"

"జర ఊకో అమ్మా. నీ మొఖం మంచిగ పడాలె."

నొక్కాడు. నేను మర తిప్పబోతే నా వేలు పట్టుకుని ఆపాడు.

సాయంత్రం అశోక్ నగర్ వైపు నుంచి పెనంలాంటి నల్లమబ్బు లేచింది, అంచుల్లో మాత్రం తెల్లగా మెరుస్తూ. చిన్నాయన డాబా ఎక్కి, కెమెరాను పిట్టగోడ మీద ఆనించి, మబ్బు కింది చెట్టుకు గురిపెట్టి మళ్ళీ నొక్కాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "పన్నెండు అంకెలకు పదమూడు నొక్కులెట్ల, చిన్నాయనా?"

"రాసుకో బిడ్డా. గని ఎవ్వరికీ చూపియ్యకు."

ఫోటోలు మంగళవారం సాయంత్రం వచ్చాయి. తెల్లవారితే గొడ్డలి. పన్నెండో ఫోటోలో కంబళి ఉండాల్సిన చోట నేరేడు చెట్టు, దాని చీకటి కొమ్మల మధ్య పెదవులు బిగించిన మా నాయనమ్మ ముఖం. పైట అంచు మబ్బులో కలిసిపోయింది. ఆకాశం నుంచి తిట్టడానికి సిద్ధమైనట్టు ఉంది. అత్తమ్మ చెంపలు వేసుకుంది.

"ఏందిరా ఇది?" అంది నాయనమ్మ.

"నాకేం తెల్సమ్మా? గట్ల పడ్డది. రేపు దాన్నే కొడ్తరట గద..."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు అబద్ధమాడవు. మొత్తం ఎన్ని ఫోటోలే?"

నోట్‌బుక్కు నా చేతిలోనే ఉంది. చిన్నాయన దూలాలు లెక్కపెడుతున్నాడు. దూలాలు ఆరే, అంతసేపు అక్కర్లేదు.

"పన్నెండు, నాయనమ్మా," అన్నాను. పన్నెండే. ఎన్నిసార్లు నొక్కాడని ఆమె అడగలేదు.

మర్నాడు గొడ్డళ్లతో ఇద్దరొస్తే నాయనమ్మ చీపురు పట్టుకుని ఎదురు నిలబడింది. "నా మొఖమున్న చెట్టును కొడ్తరా? నేనింక బతికే ఉన్న!" వకీలు గారు కేసు ఓడినవాడిలా వాళ్ల చేతిలో కూలి పెట్టి పంపేశారు. చెట్టు ఇంకో పదకొండు వానాకాలాలు చూసింది. తిట్లు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

చాలా ఏళ్లకు, మరక చీర మడతపెడుతూ నాయనమ్మే అంది: "గంత ఉడకపోతల కంబళెందుకు కట్టిండో నాకు తెల్వదనుకున్నరా?"

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి పెద్దవాళ్లకూ ఒక సందు కావాలి. చిన్నాయన అది వెతికి ఇచ్చాడు, ఆమె తెలిసే అందులోంచి వచ్చింది. ఎవరి తప్పైనా పట్టుకోబోయినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది, ఒక ప్రశ్న అడగకుండా వదిలేస్తాను.

ఇప్పుడు అశోక్ నగర్ మేడ మీద నుంచి ఫోన్‌తో నేనూ మబ్బుల్ని తీస్తున్నాను. ఫోన్‌కు పన్నెండనే హద్దు లేకపోయినా రోజూ ఎన్ని తీశానో రాస్తాను. ఆ పాత నోట్‌బుక్కు కూడా ఉంది. పన్నెండో అంకె పక్కన 'నాయనమ్మ' అని ఉంటుంది. దాని కింద పదమూడు, పక్కన ఖాళీ. నేను సరిచేయకుండా ఉంచిన లెక్క అదొక్కటే.