గడ్డం ఏకితే ఒక దిండు

బాబాయిగారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది హనుమాన్ జంక్షన్ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ మా కొట్టు ముందు ఆగాడు. కొన్నేళ్లుగా ప్రతి ఎండాకాలం ఆయన పంపే బూరుగుకాయల బస్తాను బస్సు టాపు మీద వేయించుకొచ్చి మా అరుగు మీద దింపేది అతనే. ఆ రోజు అతని చేతిలో టిక్కెట్ల సంచి తప్ప ఏమీ లేదు.

"ఈసారి బస్తా లేదమ్మా," అన్నాడు. కాలి చెప్పుతో కాసేపు నేల గీశాడు. "పెద్దాయన పోయాడు. కాయలన్నీ చెట్టుకి అట్టాగే ఉండిపోయినాయి."

మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకుందామని లోపలికి వస్తే, గదిలో ఏకిన దూది కుప్ప ఒక్కటే ఉంది.

ఆయన మాకు చుట్టం కాదు. మేం దూదేకులవాళ్లం. గవర్నర్‌పేట వెనక సందులో మా నాయనకు పరుపుల కొట్టు ఉండేది, కొట్టు వెనకే మా ఇల్లు. బాబాయిగారు జంక్షన్ దాటాక కాలవ పక్క ఊళ్లో రైతు. ఆయన పొలం గట్టు మీద బూరుగు చెట్లుండేవి. ఏ కాలంలో మొదలైన స్నేహమో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన ఎరువుల కోసమో, కోర్టు పని మీదో బెజవాడ వస్తే మా కొట్టులో బల్ల మీద కూర్చోకుండా వెళ్లేవారు కాదు.

నేను బడికి వెళ్లలేదు. అమ్మ చిన్నప్పుడే పోయింది, ఇల్లు నా మీద పడింది. సాయంత్రం కొట్టు పని అయ్యాక నాయన పరుపు గుడ్డ మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. మాకు ఉర్దూ రాదు. నమాజులో చదివే సూరాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాసి నేర్పాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ సుద్దముక్క చలవ, అల్లా దయ. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయి, పసిపిల్లను చంకనేసుకుని తిరిగివస్తే, ఎందుకొచ్చావని అడగకుండా దూది ఏకే విల్లు పక్కన నాకో పీట వేసింది కూడా ఆ నాయనే.

ఉర్దూ రాదని మసీదు దగ్గర కొందరు నవ్వేవారు. సాయిబులమని బజార్లో కొందరు నవ్వేవారు. రెండు వైపుల నవ్వూ మాకు అలవాటే. బాబాయిగారి నవ్వు మాత్రం సందు మొదట్లోనే వినపడేది.

"ఒరేయ్ సాయిబూ! ఇంకా దూది కొంటున్నావేంట్రా? ఆ గడ్డం ఏకితే ఒక దిండు రాదూ?"

"వస్తుందండీ. మీ బుర్రకి సరిపోను రాదని ఆగాను," అనేవాడు నాయన, తల ఎత్తకుండానే.

"మీ దేవుడికి తెలుగొచ్చా అసలు? తెలుగులో నమాజు రాసుకుంటున్నావంట!"

"రాకపోయినా నేర్చుకుంటాళ్లెండి. మీరు వచ్చినప్పుడల్లా ఇంత గట్టిగా అరుస్తున్నారుగా."

సందులో వాళ్లంతా నవ్వేవారు. నాయనా నవ్వేవాడు. ఆయన ఒరేయ్ అంటే నాయన అండీ అనడం నాకు అప్పట్లో వింతగా తోచలేదు. రైతుకీ పరుపులు కుట్టేవాడికీ అది మామూలే అనుకునేదాన్ని.

తొంభైల మొదట్లో రంజాన్ ఉపవాసాలు సరిగ్గా ఎండలు ముదిరే వేళకు వచ్చేవి. బూరుగుకాయలు పగిలేదీ అప్పుడే. బాబాయిగారు బస్తాతో దిగేవారు. చెమటలు కక్కుతూ బల్ల మీద కూలబడి, "గుటక మింగితే మాత్రం ఎవరు చూస్తార్రా? నేను అటు తిరుగుతాలే," అనేవారు. నేను చెంబుతో నీళ్లు తెస్తే, "ఇప్పుడే తాగొచ్చానమ్మాయ్," అనేవారు. సాయంత్రం దాకా కబుర్లు చెబుతూ కూర్చుని, మసీదులో బాంగు వినపడి నాయన ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాక లేచేవారు.

ఎదురు సోడాబండి అతను ఒకసారి నవ్వుతూ నాతో అన్నాడు. "మీ రైతుగారు నా దగ్గర ఎప్పుడూ తాగింది లేదమ్మా. పొద్దుగుంకాక బస్టాండుకెళ్లి, కుళాయి కింద నోరు పెట్టి గటగటా తాగుతా ఉంటాడు." అది విని లోపలికి వచ్చి చెంబు వంక చూశాను. నాయనకు చెప్పాను. "నాకు తెలుసులే," అన్నాడు. అంతే. ఆ వేళ నుంచి రంజాన్‌లో ఆయనకు నేను నీళ్లు తేవడం మానేశాను.

నాయన పోయినప్పుడు ఆయన మొదటి బస్సుకే వచ్చారు. ఆడవాళ్లం ఖబరస్తానుకు వెళ్లం గనక, అక్కడ జరిగింది తర్వాత విన్నదే. అందరితోపాటు ఆయనా మూడు పిడికిళ్ల మట్టి వేశారట. వేసి గట్టు మీద నిలబడి, "ఒరేయ్ సాయిబూ, ఊరందరికీ పరుపులు కుట్టి నువ్వు కటిక నేల మీద పడుకున్నావేంట్రా," అన్నారట. కొందరు కోపంగా చూశారట. ఆ మాట నాకు చెప్పినవాళ్లూ కోపంగానే చెప్పారు. నాకు మాత్రం ఆ రోజంతటిలో ఏడుపు వచ్చింది ఆ ఒక్క మాటకే.

తర్వాత కూడా ఆయన రావడం మానలేదు. చుట్టాలు తగ్గిపోయారు. రెడీమేడ్ ఫోము పరుపులొచ్చాక గిరాకీలూ తగ్గిపోయాయి. బస్తా మాత్రం తప్పేది కాదు. "డబ్బులేంటమ్మాయ్, గాలికి పోయే దూది," అనేవారు.

మా అమ్మాయి ఇంజనీరింగులో చేరాక ఒకరోజు తన స్నేహితురాలిని ఇంటికి తెచ్చింది. అదే రోజు ఆయనా వచ్చారు. అరుగు మీద దూది ఆరబోసి ఉంది. ఆయన ఆ పిల్ల వంక చూసి హుషారుగా, "చూశావా, వీళ్ల తాత గడ్డం ఇది. ఇంకా ఏకుతానే ఉన్నారు," అన్నారు. ఆ పిల్లకు నవ్వాలో మానాలో తెలియలేదు.

మా అమ్మాయి నిదానంగానే అంది. "తాతగారూ, ఆ మాట ఇంక అనొద్దండి. మా కాలేజీలో ఇలాంటివి రోజూ వింటున్నాను. ఇంట్లో కూడా వినలేను."

"ఓసి పిచ్చిదానా! మీ తాతని ఎన్నేళ్లు అన్నాను! పడీ పడీ నవ్వేవాడు కదే."

"నవ్వారండీ. మీరు రైతుగారు, ఆయన పరుపులవాడు. నవ్వక ఏం చేస్తారు?"

ఆయన నా వంక చూశారు. నేను ఏదైనా అంటానని కాబోలు. నేను అరుగు మీద దూది ఎగదోస్తూ ఉండిపోయాను. పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన మనసులోనూ విషం లేదు. నాయన నవ్వు వెనక ఏముండేదో నాయననే అడగాలి. బాబాయిగారు కండువా దులుపుకుని, "అట్టాగేలేమ్మా," అని వెళ్లిపోయారు.

మరుసటి ఏడు బస్తా వచ్చింది, ఆయన రాలేదు. కండక్టరే దింపాడు. ఆ కాయల దూదితో ఆయనకో దిండు కుట్టి అతని చేతికే ఇచ్చి పంపాను. ఆ పైయేడూ అంతే. మా అమ్మాయి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లింది. కొట్టులో విల్లు చప్పుడు, మధ్యమధ్యలో బాంగు, అంతే నా రోజు. సందు మొదట్లో ఎవరైనా పెద్దగా నవ్వితే సూది ఆపి చూసేదాన్ని. పిల్ల తల దించుకోకూడదు, ఆయన రాకుండానూ ఉండకూడదు. నమాజు తర్వాత చేతులెత్తి ఆ రెండూ కలిపే అడిగేదాన్ని. రెండూ ఒకేసారి అడగొచ్చో లేదో నాకు తెలియదు.

అల్లా విన్నాడు. రంజాన్ అప్పటికి వానాకాలంలోకి జరిగింది. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చిన వారంలోనే, ఒక మధ్యాహ్నం కర్ర పొడుచుకుంటూ ఆయన వచ్చారు. బాగా కుంగిపోయారు. బల్ల మీద కూర్చుని, చేతికి తగిలిన దూదిని నలుపుతూ ఉండిపోయారు. పిల్ల గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా," అన్నారు. పెదాలు అతుక్కుపోయి ఉన్నాయి.

నేను దాన్ని లోపలికి పిలిచి చెంబు సంగతి, కుళాయి సంగతి చెప్పాను. బాంగు వినపడగానే అది పళ్లెం తెచ్చి, నాకంటే ముందు ఆయన చేతిలో ఖర్జూరం పెట్టింది.

"తాతగారూ, ఇంక తాగండి. ఇవాళ బస్టాండు దాకా ఆగక్కర్లేదు."

ఆయన గ్లాసు పట్టుకుని దాని వంక చూశారు. దొంగతనం బయటపడ్డవాడిలా నవ్వారు. తాగారు.

"మీరు రావాలండీ," అంది పిల్ల. "ఆ పాత మాట మాత్రం వద్దు."

"అననులేమ్మా. ఎవర్నంటాను? తిరిగి అనేవాడు లేడుగా."

పిల్ల ఆయన కర్ర అందుకుని, చెయ్యి పట్టి బస్సు దాకా తీసుకెళ్లి ఎక్కించి వచ్చింది. నేను అరుగు మీద నిలబడి, వాళ్లు సందు మలుపు తిరిగేదాకా చూశాను. అదే ఆయన్ని చివరిసారి చూడడం.

కండక్టరు కబురు చెప్పిన రోజు పిల్లకు ఫోను చేశాను. "దిండు పంపావా అమ్మా?" అంది. ఈ ఏటి దిండు కుట్టలేదని, కాయలే రాలేదని చెప్పాను.

ఆయన అన్న మాటలు మంచివని నేను అనను. మా పిల్ల వాటిని ఆపింది, ఆపడమే న్యాయం. వాటిని మన్నించాలా వద్దా అన్నది నాయనే తేల్చుకోవాలి, ఇప్పుడు ఇద్దరూ ఒక చోటే ఉన్నారేమో. నాకు వచ్చిన తెలుగులో నేను ఆయన కోసం దువా చేసుకుంటున్నాను. ఇది చదివిన మీరు ఏ దేవుడికి దండం పెట్టినా సరే, ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. మా నాయన ముందు నోరారా వేళాకోళం ఆడి, అదే నోరు పొద్దుగుంకేదాకా ఎండగట్టుకుని కూర్చున్న ఆ రైతుని.