కొయ్యచేపా, పెద్దనాన్న అడిగిన ఉప్పూ

నా చిన్నప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అందులోనూ పదకొండో ఏట ఒక వసంతంలో వచ్చినంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదనుకుంటాను. దానికంతటికీ కారణం వేలెడంత చెక్కముక్క.

మేం అప్పుడు సియాటెల్ దగ్గర బాతెల్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఇక్కడ ఏ కొట్లో నిలబడ్డా తెలుగు వినిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో మాది కాక ఇంకొక్క తెలుగు ఇల్లు ఉండేదేమో. మా నాన్నకి చేపలు పట్టడమంటే పిచ్చి. శనివారం తెల్లారితే చాలు, నన్ను కారెక్కించుకుని కొండల వైపున్న ఒక సరస్సుకి తీసుకెళ్లేవారు. అక్కడ ట్రౌట్ అనే చేప దొరికేది. ట్రౌట్ తనకన్నా చిన్న చేపల్ని తింటుంది. అందుకని చిన్న చేపలా చెక్కిన కొయ్యకి గాలపు ముళ్లు తగిలించి నీళ్లలో లాగుతారు. అది నిజంగా ఈదుతున్నట్టు కదిలితే ట్రౌట్ మోసపోయి నోట కరుస్తుంది. కొట్లో అద్దం వెనక అలాంటి కొయ్యచేపలు చూసి కొనమని పేచీ పెట్టాను. నాన్న జేబులోంచి చిన్న చాకు తీసి నా చేతిలో పెట్టి, "కొనడమెందుకు? చెక్కుకో" అన్నారు.

కంచె బాగుచేయగా మిగిలిన దేవదారు చెక్క గ్యారేజీలో పడి ఉంది. దాన్ని చెక్కాను, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను. పెరుగు డబ్బా మూతలోంచి చిన్న ముక్క కత్తిరించి మూతి కింద నాలుకలా అతికించాను. నీళ్లు ఆ నాలుకకి తగిలితే చేప ఊగుతూ ముందుకెళ్లాలి. పొట్ట మీద గంటు పడితే అందం చెడుతుందని వీపు వైపు నుంచి తొలిచి, లోపల సీసం గుళ్లు పెట్టి మూసేశాను. రంగులేశాను, కళ్లు దిద్దాను. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. బాత్‌టబ్‌లో నీళ్లు నింపి దారం కట్టి లాగితే, నా బంగారు చేప వెల్లకిలా తిరగబడి చచ్చినదానిలా తేలింది.

ఇంకొంచెం బరువుంటే నిలబడుతుందనుకుని మళ్లీ వీపులోనే మరిన్ని గుళ్లు కుక్కాను. ఈసారి ఇంకా తొందరగా తిరగబడింది. కొత్తది చెక్కాను. అదీ అంతే. నాన్ననడిగితే, "ట్రై చెయ్యి, నీకే తెలుస్తుంది" అని పేపర్లో తల దూర్చేవారు. వేళ్లు కోసుకుపోయి, గోళ్ల నిండా రంగు పట్టి, ఎవరు పలకరించినా ఏడుపొచ్చేలా ఉండేది.

ఆ రోజుల్లో మా పెద్దనాన్న మా ఇంట్లోనే ఉన్నారు. గుంటూరులో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. తమ్ముణ్ణి చూసి కొన్నాళ్లుండి పోదామని వస్తే, వచ్చిన చలికాలంలోనే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట పూర్తిగా పోలేదు, దారి తప్పింది. కాఫీ అనబోయి కిటికీ అనేవారు. దుప్పటి అడగబోయి గొడుగు అనేవారు. ఒక్కోసారి మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. అప్పుడు మేమంతా తలో మాటా అందించేవాళ్లం. మంచినీళ్లా? బాత్రూమా? చలేస్తోందా? ఎవరు ముందు కనిపెడతామా అని పందెం వేసుకున్నట్టు ఉండేది. ఆయన చివరికి ఏదో ఒకదానికి తల ఊపేసేవారు. అడగబోయింది అది కాకపోయినా ఊపేసేవారని నాకు తర్వాత అర్థమైంది. వసంతం వచ్చేసరికి నోరు తెరవడమే తగ్గించేశారు. మధ్యాహ్నాలు గ్యారేజీలో మడత కుర్చీ వేయించుకుని, నేను చెక్కుతుంటే చూస్తూ కూర్చునేవారు.

ఒకరోజు నేను బాత్‌టబ్ దగ్గర్నుంచి విసవిసా వచ్చి కొయ్యచేపని బల్ల మీద పడేస్తే, ఆయన ఎడమచేత్తో దాన్ని తీసుకుని తిప్పి చూశారు. "ఉప్పు" అన్నారు.

ఉప్పుకాగితం కాబోలనుకుని అందించాను. ఆయన దాన్ని పక్కన పెట్టి మళ్లీ "ఉప్పు... ఉప్పు..." అన్నారు. ఆ తర్వాతి మాట రావడం లేదు. ఆ మాట విని అమ్మ లోపల్నుంచి వచ్చి, "పప్పులో ఉప్పు తగ్గిందా బావగారూ? చెప్పరేం మరి!" అంది. ఆయన కళ్లు మూసుకుని తల ఊపేశారు. ఆ రాత్రి పప్పు నోట పెట్టుకోలేకపోయాం. మర్నాడు కూడా అదే మాట. నాకు విసుగొచ్చింది. అసలే నా చేప తిన్నగా తేలడం లేదు, పైగా ఈయన మాట తేలడం లేదు. "పెద్దనాన్నా, ఐ డోంట్ అండర్‌స్టాండ్! నాకు తెలీట్లేదు!" అని అరిచాను. ఆయన ముఖం ఎర్రబడింది. చేతిలో ఉన్న కొయ్యచేపని గోడకేసి కొట్టారు. ఆయనకి నాకన్నా కోపం ఎక్కువుందని నాకప్పటిదాకా తెలియదు.

తర్వాత కుర్చీ పట్టుకుని లేచారు. కాలీడ్చుకుంటూ, దారిలో వంగి ఆ చేపని తీసుకుని వంటింట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్లాను. అమ్మ కంగారుగా, "ఏం కావాలి బావగారూ? నేనిస్తాను కూర్చోండి" అంది. ఆయన ఎడమచెయ్యి పైకెత్తి "ఆగు" అన్నారు. ఆ మాట మాత్రం సూటిగా వచ్చింది. అమ్మ ఆగిపోయింది.

ఆయన మందు బిళ్లల సీసా ఒకటి తీసుకుని, పళ్లతో మూత లాగి, బిళ్లలన్నీ గట్టు మీద కుమ్మరించారు. మళ్లీ మూత పెట్టి, అంట్లు తోమడానికి పట్టిన నీళ్లలో వదిలారు. ఖాళీ సీసా పక్కకి పడి దొర్లింది. ఆయన దాన్ని తీసి, ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, చెంచాతో ఉప్పు పోయడం మొదలుపెట్టారు. అలవాటు లేని చెయ్యి వణికి సగం ఉప్పు గట్టు మీదే పడింది. ఆ చెంచా లాక్కుని నేనే పోసేయాలని నా చేతులు ఎంత తహతహలాడాయో! అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. చివరికి మూత బిగించి నీళ్లలో వదిలితే సీసా నిటారుగా నిలబడింది. వేలితో పక్కకి తోశారు. ఊగి, మళ్లీ లేచింది. అప్పుడు నా చేపని ఎత్తి, వీపు మీద గోటితో గీసి కాదన్నట్టు తలూపి, పొట్ట మీద తట్టారు. "ఇక్కడ" అన్నారు.

బరువు అడుగునుంటేనే ఏదైనా నిలబడుతుంది. నేనేమో బరువంతా వీపున మోయించి, అది తిరగబడిందని ఏడుస్తున్నాను. నాకు ఆ క్షణంలో తెలిసొచ్చింది అదే. అమ్మకి తెలిసొచ్చింది వేరు. "అయ్యో, ఈయన ఉప్పే అడిగారే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి ఆయన మాట దారి తప్పలేదు. తర్వాతి మాట వచ్చేదాకా మేమే ఆగలేదు.

ఆ శనివారం పెద్దనాన్నని కూడా సరస్సుకి తీసుకెళ్లాం. పొట్టలో సీసం పెట్టిన కొత్త చేప నీళ్లలో తోక ఆడిస్తూ ఎంత చక్కగా ఈదిందంటే, దాని వెనకాల నిజం ట్రౌటే ఒకటి నీడలా రావడం కళ్లారా చూశాను. అది నోరు తెరిచే లోపల నా గాలం నీళ్లలో మునిగిన దుంగకి తగులుకుంది. లాగాను. నాన్న లాగారు. దారం పుటుక్కున తెగింది. వారాల తరబడి పడ్డ పాటు అడుగుకి పోయింది. నేను రాళ్ల మీద కాళ్లు బాదుతూ, "ఐ హేట్ దిస్! ఇంక జన్మలో చెయ్యను!" అని ఏడ్చాను.

ఒడ్డున వేసిన మడత కుర్చీలోంచి పెద్దనాన్న "ఇంకో..." అన్నారు.

"ఇంకో రోజు వద్దామా అన్నయ్యా? చలేస్తోందా, వెళ్దామా?" అన్నారు నాన్న వెంటనే. పెద్దనాన్న తల ఊపబోయారు.

"డాడీ, ఆగు! పెద్దనాన్న ఇంకా చెప్తున్నారు" అన్నాను, ముక్కు చీదుకుంటూ.

అందరం ఆగాం. ఆగడం అంత కష్టమని నేననుకోలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నా నోట్లో మాటలు తోసుకొస్తున్నాయి. పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

"ఇంకోటి... చేద్దాం. నేను... పట్టుకుంటా. నువ్వు... చెక్కు."

ఆ వసంతంలో ఆయన పూర్తిగా చెప్పిన మొదటి మాట అదే. ఆ తర్వాత ఆయన ఎడమచేత్తో చెక్క పట్టుకుంటే నేను చెక్కాను. ఆయన చెయ్యి వణికేది, నా చాకు జారేది, ఒకరి మీద ఒకరం చిరాకుపడేవాళ్లం. కొన్ని ఈదాయి, కొన్ని మునిగాయి. ఆయన మాట పూర్తిగా బాగుపడలేదు. మరుసటేడు గుంటూరు వెళ్లిపోయారు. కానీ వెళ్లేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

నాకు ఓపిక అబ్బిందని చెప్తే మా వాళ్లు నవ్వుతారు. ఎదుటివాళ్లు మాట కోసం తడుముకుంటుంటే ఇప్పటికీ నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. అయితే నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం వచ్చు. మొన్న నా మనవరాలు కారెక్కి, తనకి వచ్చిన కాస్త తెలుగులో, "అమ్మమ్మా, నాకు స్కూల్‌లో..." అని ఆగిపోయింది. ఆకలేసిందా? బోర్ కొట్టిందా? నిద్రొచ్చిందా? అన్నీ నా నాలుక మీదికి వచ్చేశాయి. పళ్లు బిగపట్టి, స్టీరింగ్ పట్టుకుని, రెడ్ లైట్ వైపు చూస్తూ కూర్చున్నాను. లైట్ మారింది, ఒక మలుపు తిరిగాం, ఇంకో మలుపు తిరిగాం.

"...భయం వచ్చింది" అంది.

నేను అందించబోయిన మాటల్లో అది లేదు.