టికెట్ లేని జెముడు మొక్క

టికెట్ తమ్ముడి గురించి మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. అతను కొండ మీది జెముడు మొక్కల్ని గోనెసంచుల్లో దించి అమ్ముకున్నాడట. అటవీ శాఖ వాళ్ళు పట్టుకున్నారట. ఇప్పుడు బెయిలు మీద ఉన్నాడు కాబట్టే ఆ పచ్చ జీపు నెలకోసారి వచ్చి వాళ్ళ గేటు ముందు ఆగుతోందట. పాలపాకెట్ల అమ్మాయి దగ్గర విన్నప్పుడు సంచులు రెండు. ఇస్త్రీ బండి దాకా వచ్చేసరికి పన్నెండయ్యాయి. నిన్న మా కోడలు ఫోనులో ఎవరికో లారీ అని చెబుతుంటే, ఇక ఊరుకోకూడదనుకున్నాను. నేను చదివింది అయిదో తరగతే. కానీ జరిగింది కళ్ళారా చూసినదాన్ని. ఆ రోజు అటవీ ఆఫీసులో అతని పక్క కుర్చీలో కూర్చున్నది నేనే.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. నన్ను అక్కా అంటాడు, అతని భార్య నన్ను వదినా అంటుంది, నాకామె మరదలు. సిటీ బస్సుల్లో ముప్ఫై ఏళ్ళు చెకింగ్ ఇన్స్‌పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. అందుకే వీధంతా అతన్ని టికెట్ అంటుంది. అతను ఎక్కితే చాలు, టికెట్ ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవారు.

ఒకసారి నేనూ మరదలూ బస్సులో మాటల్లో పడి దిగాల్సిన స్టేజీ దాటిపోయాం. తరవాతి స్టాపులో ఎక్కింది ఎవరనుకున్నారు? ఇద్దరి టికెట్లూ వెలుతురుకి పెట్టి చూసి, చెవి మీంచి ఎర్ర పెన్సిలు తీసి, "ఒక స్టేజీ ఎక్కువ వచ్చారు. ఫైను" అన్నాడు.

"ఏవండీ, నేనండీ!" అంది మరదలు.

"కనబడుతూనే ఉన్నారు. కూర్చోండి, రాస్తాను."

డ్యూటీలో ఉంటే పెళ్ళాన్ని కూడా మీరు అనేవాడు. ఆ ఫైను చీటీని మరదలు పదిహేను రోజులు అతని కంచం కింద పెట్టి అన్నం వడ్డించింది. కంచం ఎత్తిన ప్రతిసారీ తన సంతకం తనకే కనబడేది. అయినా తప్పు చేశానని మాత్రం అనలేదు మహానుభావుడు.

అతనికి ముళ్ళ మొక్కలంటే మొదట్నుంచీ పిచ్చి. నీళ్ళు అడగవు, మాట్లాడవు, ఎవర్నీ దగ్గరికి రానివ్వవు. కండక్టర్లు అతని గురించి చెప్పుకున్నదీ అదే. రిటైరయ్యాక ఆ పిచ్చి ముదిరింది. ఇప్పుడు వాళ్ళ డాబా మీద నలభై మూడు మొక్కలున్నాయి, పెయింటు డబ్బాల్లో కొన్ని, చిల్లుపడ్డ బకెట్లలో కొన్ని, మట్టి కుండీల్లో కొన్ని. ప్రతి మొక్క పక్కనా ఒక పుల్ల, పుల్లకి ప్లాస్టిక్ కవరు, కవర్లో నర్సరీ రసీదు. ఎవరైనా ఊరికే ఇస్తే, "ఈ మొక్కను నా ఇష్టపూర్తిగా ఇచ్చాను" అని రాసి సంతకం పెట్టాలి. నేను ఒక బుల్లి మొక్క ఇచ్చి వచ్చాక, తేదీ వేయలేదని నన్ను మళ్ళీ రెండంతస్తులు ఎక్కించాడు.

ఒక్క మొక్కకి మాత్రం పుల్లా లేదు, రసీదూ లేదు. అది నీళ్ళ ట్యాంకు పక్కన పెద్ద కుండీలో ఉంటుంది. గుమ్మడికాయలా గుండ్రంగా, గాడులు గాడులుగా, గాడికీ గాడికీ మధ్య ఎర్రటి ముళ్ళు. ఎవరడిగినా మరదలు, "మా పుట్టింటి నుంచి తెచ్చుకున్నా" అంటుంది. వాళ్ళ పుట్టిల్లు సముద్రం ఒడ్డున. అక్కడ ఇసక తప్ప ఏమీ లేదు, నేను వెళ్ళి చూశాను.

ఆ మొక్క వచ్చిన వారం నాకు బాగా గుర్తు. ఇరవై రెండేళ్ళ క్రితం డిపో వాళ్ళంతా కుటుంబాలతో ఒకరోజు కొండకి వెళ్ళొచ్చారు. వచ్చాక మరదలి వేళ్ళకి కట్టు. ఏమైందే అంటే కత్తి గీసుకుందంది. తమ్ముడి అరచేతికీ కట్టు. ఏమైందిరా అంటే బస్సు తలుపన్నాడు. ఒకే ఇంట్లో, ఒకే వారంలో రెండు కట్లు, రెండు కారణాలు! నోటిదాకా వచ్చిన ప్రశ్నని, సరిగ్గా అప్పుడే మా అత్తగారు కేకేయడంతో మింగేశాను. అప్పటినుంచీ అది అరగలేదు.

పోయిన వేసవిలో లైబ్రరీ పై హాల్లో మొక్కల పెంపకం మీద మీటింగు పెట్టారు. ముగ్గురం వెళ్ళాం. మాట్లాడింది అటవీ శాఖ గార్డు. "కొండ మీది జెముడు మొక్కని తవ్వి ఇంటికి తెచ్చుకోవడం నేరం. ఒకటైనా నేరమే, నిమ్మకాయంతదైనా నేరమే. అవి బొటనవేలంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఒక్కటేగా అని తలా ఒకటి తెచ్చుకుని, కొండకి ఒక పక్కంతా బోడి చేసేశారు" అన్నాడు. తమ్ముడు ముందు వరసలో కూర్చుని, మాటమాటకీ తలూపుతూ, వెనక్కి తిరిగి జనాన్ని వరసగా చూస్తున్నాడు. హాలంతా టికెట్ లేకుండా ఎక్కినట్టు!

అప్పుడు గార్డు ప్రొజెక్టరుతో గోడ మీద ఒక బొమ్మ వేశాడు. గుండ్రంగా, గాడులు గాడులుగా, ఎర్రటి ముళ్ళు. "ఇది ఆ కొండ మీద తప్ప ఎక్కడా మొలవదు. ఏ నర్సరీలోనూ అమ్మరు. ఎవరింట్లోనైనా కనబడిందంటే కొండ మీంచి వచ్చినట్టే."

తమ్ముడి తల సగం తిరిగి అక్కడే ఆగిపోయింది. మరదలు లేచి నిలబడింది. "పదండి పదండి, స్టవ్వు మీద పాలు పెట్టి వచ్చాను."

"పాలు పొద్దునే కాచావు కదే" అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా. ఆమె నన్ను చూసిన చూపుకి ఆ బొమ్మలో ముళ్ళు నయం.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో మాటలు. నేను వినలేదు, వినబడ్డాయి. ఆ గోడ అంత పల్చన.

"దానికి టికెట్ లేదే."

"మొగ్గ తొడిగింది చూశారా? ఇరవై రెండేళ్ళకి మొట్టమొదటి మొగ్గ! ఇప్పుడు తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పోస్తారా?"

"ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ నిలబెట్టి అడిగాను. నా డాబా మీదే టికెట్ లేని ప్రయాణికుడు ఉంటే నాకు నిద్రెలా పడుతుంది?"

"ఇరవై రెండేళ్ళు పట్టింది కదా, ఇవాళా పడుతుంది. పక్కకి తిరిగి పడుకోండి."

నవ్వొచ్చింది కానీ, నవ్వాక భయం వేసింది. ఆమెకి ఆ మొగ్గ కావాలి. అతనికి తన ముప్ఫై ఏళ్ళ మాట కావాలి. రెండూ ఒకే కుండీలో ఉన్నాయి. ఏది పోయినా ఆ ఇల్లు మునుపటిలా ఉండదు.

పొద్దున్నే గేటు చప్పుడైతే బయటికి వచ్చాను. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. మరదలు కుండీకి తువ్వాలు చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎక్కడికని అడిగితే, "అటవీ ఆఫీసుకి, లొంగిపోవడానికి" అన్నాడు. నేను చెప్పులేసుకున్నాను. ఎవరో ఒకరు చూసి రావాలి కదా.

బస్సులో కండక్టరు, "మీకు పాసు ఉంది కదా సార్" అన్నాడు.

"మొక్కకి. లగేజీ టికెట్ కొట్టు."

ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే, "ఏం కావాలి?" అన్నాడు.

"ఫిర్యాదు ఇవ్వాలి."

"ఎవరి మీద?"

"నా మీద."

అప్పుడెత్తాడు తల. "ఇంట్లో ఏమైనా గొడవా?" అని నావైపు చూశాడు.

"నేను పక్కింటిదాన్ని నాయనా, ఊరికే చూడ్డానికి వచ్చాను."

తమ్ముడు రాసి తెచ్చిన కాగితం ఇచ్చాడు. గుమాస్తా పైకి చదివాడు. "ఇరవై రెండేళ్ళ క్రితం, అనుమతి లేకుండా, ఈ మొక్కను కొండ మీద నుంచి నేనే తవ్వి తెచ్చాను."

"ఆయన కాదు, నేను" అంది మరదలు. పొద్దుటినుంచీ అదే ఆమె మొదటి మాట.

"నేనని రాశాను కదా."

"రాస్తే అయిపోతుందా? చెంచా పెట్టి తవ్వింది నేను. టిఫిను డబ్బాలో పెట్టింది నేను."

"చెంచా వంగిపోతే చేత్తో పీకింది ఎవరు?"

"నేనే!"

"నేను!"

గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. "నా సర్వీసులో దొరికినవాళ్ళంతా నేను కాదు అన్నవాళ్ళేనమ్మా. ఒక్క మొక్కకి ఇద్దరు ఒప్పుకుంటే రాయడానికి నా దగ్గర ఫారం లేదు" అని ముగ్గుర్నీ లోపలికి, ఆఫీసరమ్మ గదిలోకి పంపాడు. మీటింగులో మాట్లాడిన గార్డు అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆఫీసరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం చదివి నవ్వు ఆపుకుంటున్నట్టు కనబడింది. దొరికిందే సందని నాకున్న అనుమానాలన్నీ అడిగేశాను. కొండ ప్రభుత్వానిది సరే, ఎవరి సొంత పొలంలోనో ఉంటే తెచ్చుకోవచ్చా? ఆ పొలం ఆసామి రాసిచ్చిన కాగితం ఉండాలంది. "చూశావా అక్కా, కాగితం!" అన్నాడు తమ్ముడు, తను ముద్దాయినన్న సంగతి మరిచిపోయి. రోడ్డు పక్కన ఉంటే? రోడ్డు పక్కదీ మనది కాదంది. గాలికి పడిపోయి ఉంటే? పడినా కొండదేనంది. మరి ఇష్టమైనవాళ్ళు ఏం చేయాలమ్మా అంటే, నర్సరీలో విత్తనం నుంచి పెంచినవి కొనుక్కుని, ఆ రసీదు దాచుకోండి అంది. తమ్ముడి వెన్ను నిటారైంది.

"మీ అంతట మీరే వచ్చారు. అమ్ముకోలేదు. ఇన్నేళ్ళయింది. కేసు పెట్టను, హెచ్చరిక రాసిస్తాను" అంది ఆఫీసరమ్మ. "కానీ మొక్క మాత్రం ఇక మీది కాదు."

మరదలి చేతులు తువ్వాలు మీద బిగుసుకున్నాయి.

"పోనీ మళ్ళీ కొండ మీదే నాటేస్తే?" అన్నాను.

"అలా నాటకూడదండీ. కుండీ మట్టితో ఏ పురుగు వెళ్తుందో, ఏ తెగులు వెళ్తుందో. ఇక్కడే ఉంచుకుంటాం."

గార్డు దగ్గాడు. "మేడమ్, కిందటిసారి పట్టుకున్న ఏడు..."

"ఏమయ్యాయి?"

"వాచ్‌మన్ ప్రేమగా రోజూ నీళ్ళు పోశాడు మేడమ్. కుళ్ళిపోయాయి."

ఆఫీసరమ్మ కిటికీలోంచి పెరట్లో బోర్లించి ఉన్న ఏడు కుండీల్ని చూసింది. తరవాత మరదలి ఒళ్ళో మొక్కని, దాని నెత్తిన మొగ్గని చూసింది. "మీరెలా పోస్తారమ్మా నీళ్ళు?"

"వేసవిలో పదిహేను రోజులకోసారి. చలికాలం అస్సలు పోయను. మంచి ఎండొస్తే చాలు దానికి" అని, మరదలు గొంతు తగ్గించింది. "వాచ్‌మన్‌కి చెప్పండమ్మా, నెత్తి మీద పోయొద్దని. మొగ్గ రాలిపోతుంది."

ఆఫీసరమ్మ తనే కాగితం తీసి రాసింది. మొక్క జప్తు చేయడమైనది. మొక్క ప్రభుత్వానిది. ఆఫీసులో వసతి లేనందున పెంపకానికి ఈ దంపతులకే అప్పగించడమైనది. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఇంకో చోటికి మార్చకూడదు. నెలకోసారి గార్డు వచ్చి చూసి వెళ్తాడు. కింద నంబరు, ముద్ర.

ఆ కాగితాన్ని తమ్ముడు రెండు చేతులా పట్టుకుని, కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది, ఎర్ర పెన్సిలు కోసం.

లేచి వస్తుంటే గార్డు అడిగాడు. "దీని పిలకలు ఎవరికైనా ఇచ్చారా?"

మరదలు నేల చూపులు చూసింది. తమ్ముడు నెమ్మదిగా నావైపు తిరిగాడు. బస్సులో తిరిగినట్టే తిరిగాడు. నేను ఇంట్లో సంగతులు ఏ పోలీసుకీ చెప్పేదాన్ని కాదు కానీ, ఆ చూపుకి నిజం దానంతటదే వచ్చేసింది. అంతకు ముందటేడు మరదలు చాటుగా ఇచ్చిన పిలక, మా వంటింటి కిటికీలో, పిడి విరిగిన టీ కప్పులో ఉంది.

"దానికీ రాయండి మేడమ్" అన్నాడు తమ్ముడు. "చిన్నది కాబట్టి హాఫ్ టికెట్."

ఇదీ జరిగింది. సంచులు లేవు, లారీ లేదు, బెయిలు లేదు. ఆ పచ్చ జీపు వచ్చేది ముందు వాళ్ళ డాబా మీది ప్రభుత్వాన్నీ, తరవాత మా కిటికీలో ఉన్న బుల్లి ప్రభుత్వాన్నీ చూడటానికి. ఆ మధ్య రెండు జీపులు వచ్చాయని వీధంతా గోల చేశారు కదా, అది మొగ్గ విచ్చుకున్న రోజు. ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది. గులాబీ రంగు పువ్వు, మరదలి అరచేయంత. విత్తనాలు కట్టాక గార్డు కవర్లో పోసుకుని రసీదు రాసిచ్చాడు. వాళ్ళ నర్సరీలో మొలిపిస్తారట. "నాది కాదట, నీళ్ళు మాత్రం నేనే పోయాలట" అని మరదలు సణుగుతూనే, రోజుకి నాలుగుసార్లు డాబా ఎక్కి చూసి వస్తోంది.

మొన్న నేనూ ఎక్కాను. మరదలు టీ పెట్టడానికి కిందికి దిగింది. తమ్ముడు పెద్ద కుండీ పక్కన కొత్త పుల్లకి కవరు బిగిస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అరగని ప్రశ్న ఇక ఆగలేదు.

"ఇప్పుడెవరూ లేరు కానీ, నిజం చెప్పు తమ్ముడూ. ఆ మొక్కని పీకింది నువ్వా, మరదలా?"

తమ్ముడు కవరు అంచు నున్నగా నొక్కాడు. అరచేయి తిప్పి ఒకసారి చూసుకున్నాడు.

"మొగుడూ పెళ్ళాం కలిసి ఎక్కిన బస్సులో, టికెట్ ఎవరు తీశారని నేను ఒక్కరోజు కూడా అడగలేదక్కా. ఇద్దరికీ ఉందా లేదా అన్నదే చూశాను" అన్నాడు.