పోయొస్తనన్న మనిషి

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, వేసవి మొదట్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పై అంతస్తులో ఉన్న ఒక చిన్న గేమింగ్ కంపెనీలో నేను టెస్ట్ లీడ్‌ని. తయారైన ఆటను విడుదలకు ముందే ఆడి, తప్పులు పట్టి, బగ్ రిపోర్టు రాయడం మా పని. తప్పులు పట్టగలనని నాకు కాస్త గర్వం. ఎల్బీనగర్‌లో మా ఇంట్లో దాన్ని చాదస్తం అనేవారు.

ఆ వారం నాకప్పగించిన ఆట పదిహేను నిమిషాలది. చేసింది శ్రావణి, పోచంపల్లి వైపు నేత కుటుంబం అమ్మాయి. తెర మీద మగ్గం ముందు ఒక ఆడపిల్ల. మనం నేయిస్తున్నకొద్దీ చీర పెరుగుతుంది, ఆమె చేతులు ముడతలు పడతాయి. చీర పూర్తయ్యేసరికి ఆయుష్షూ పూర్తవుతుంది. సేవ్ లేదు, వెనక్కి వెళ్లడం లేదు. ఒక జీవితం ఇంత చిన్న ఆటలో ఎలా పట్టిందా అని నాకు మహా కుతూహలం కలిగింది.

మధ్యలో ఒకచోట గుమ్మం వైపు నుంచి తండ్రి గొంతు వినిపిస్తుంది: "పోయొస్త బిడ్డా." ఆ తర్వాత ఆయన జాడ ఉండదు. నేత వేగం మార్చి మార్చి నలభై సార్లు ఆడాను. రాలేదు. సివియారిటీ వన్ కింద రాసేశాను: "తిరిగొస్తానన్న పాత్ర తిరిగి రావడం లేదు." ఆ తరగతి బగ్ ఒక్కటి తెరిచి ఉన్నా ఆట బయటికి వెళ్లదు. మర్నాడు సాయంత్రంలోగా శ్రావణి దాన్ని ఒక పోటీకి పంపాలి. రెండేళ్లు సెలవులన్నీ దానికే పెట్టింది.

రిపోర్టు చూసి నా టేబుల్ దగ్గరికొచ్చింది. "సార్, గది బగ్ కాదు. గట్లనే ఉండాలె."

మాట మార్చమన్నాను, 'పోతున్నా' అని పెడితే సరిపోతుందన్నాను.

"ఇంట్లకెళ్లి బయటికి పొయ్యేటోళ్లు గట్లెవరంటరు సార్? మీ ఇంట్ల అంటరా?"

అనరు. మా గుంటూరు వైపు కూడా 'వెళ్ళొస్తా' అనే అంటారు.

"మా నాయిన గా మాట చెప్పే దవాఖానకు పోయిండు. నేను కంప్యూటర్ల తల పెట్టి ఊఁ అన్న. గంతే సార్."

అయినా బగ్ మూయలేదు. జాలిపడి బగ్‌లు మూసేవాణ్ణయితే ఆ కుర్చీ నాకెందుకని మొండితనం.

ఆమె వెళ్లాక మళ్లీ ఆడాను. పైబాణం మీట నొక్కితే నేసే ఆడపిల్ల తలెత్తి చూస్తుంది. ఆ మీటను వేరేచోట్ల పరీక్షించాను గానీ, తండ్రి మాట్లాడేటప్పుడు ఒక్కసారీ నొక్కలేదు. అప్పుడు నా ధ్యాసంతా చీర అంచు రంగు సరిగ్గా వస్తోందా అన్నదాని మీదే. ఈసారి నొక్కాను. మగ్గం ఆగింది. గుమ్మంలో పెద్దాయన, చంకలో సంచి, నవ్వుముఖం. ఆ ముఖం ఆటలో ఇంకెక్కడా కనబడదు. ఆయన వెళ్లిపోయాడు, అప్పుడూ తిరిగి రాలేదు.

బగ్ మూసేసి, కారణం దగ్గర "పరీక్ష అసంపూర్తి, పొరపాటు టెస్టర్‌ది" అని రాశాను. ఆట పోటీకి వెళ్లింది. ఎంపిక కాలేదు.

బగ్ రిపోర్టులో ఏం జరిగిందో అడుగడుగూ రాయాలి. నా రిపోర్టులో "మూడో అడుగు: తండ్రి మాట్లాడతాడు" అని ఉంది. అప్పుడు నేనేం చేస్తున్నానో లేదు. ఉద్యోగంలో మిగిలిన ఆ ఏడాదీ నా కింద పనిచేసినవాళ్ల చేత ఇంకో వాక్యం రాయించాను: ఎదుటి పాత్ర మాట్లాడుతుండగా టెస్టర్ ఎటు చూస్తున్నాడు.