బెంచ్ మీద నేను, మైకులో అంకుల్

నన్ను కోచ్‌గా తీర్చిదిద్దింది తానేనని, చిన్నప్పుడు మాకు సాకర్ నేర్పిన అంకుల్ నిన్న టెక్సస్‌లోని ఫ్రిస్కోలో టోర్నమెంట్ అయ్యాక మైకులో చెప్పుకున్నారు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

అక్కడ కోసిన కమలాల వాసనకి నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది. ప్రతి మ్యాచ్‌లో ఆయన నన్ను బెంచ్ మీదే ఉంచి, విరామంలో ఆ ముక్కలు పంచమనేవారు. మోకాలు దెబ్బతిన్న ఒక డచ్ ఆటగాడు బెంచ్ మీద నుంచే ఆట గమనించి పెద్ద మేనేజర్, అంటే టీమ్‌ని నడిపే ప్రధాన కోచ్, అయ్యాడని లైబ్రరీ పుస్తకంలో చదివాను. నన్నూ అలాగే తయారుచేస్తున్నారనుకొని గర్వంగా కూర్చునేదాన్ని.

"అంకుల్, నేను మేనేజర్ ఎప్పుడవుతాను?" అని ఒకరోజు అడిగాను.

"ముందు ఆరెంజెస్ పంచు తల్లీ. నిన్ను ఆడిస్తే ఓడిపోతాం," అని అందరి ముందూ నవ్వారు.

ఆ కసితోనే లైబ్రరీలో ఉన్న సాకర్ పుస్తకాలన్నీ చదివాను. నిన్న ఆయన టీమ్‌ని ఓడించింది నా టీమే.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ మార్తాకి, రోజూ డ్రైవ్ చేసిన అమ్మ విజయకి, నాతో ప్రాక్టీస్ చేసిన స్వప్నకి కృతజ్ఞతలు. నాకు సాయం చేసినవాళ్లు ఇంతమందే.