తూచి చూసిన డిస్కస్

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాయలేదు. నాగవేణి విసిరే డిస్కస్ బరువు తగ్గిందని పోటీకి రెండు రోజుల ముందే నాకు తెలుసు.

ఈ మాట మోయడం మొదలై ఆరేళ్లయింది. ఇప్పుడు రాసి, మళ్లీ చదువుకున్నాను. ఎంత చిన్న వాక్యం!

అప్పుడు మేము ప్రొద్దుటూరులో డిగ్రీ రెండో సంవత్సరం. హాజరు పిలిస్తే పలకడానికే తడబడేదాన్ని నేను. వ్యాయామం మేడమ్ జాలిపడి ఆటసామాన్ల గది తాళంచెవి నాకిచ్చింది. బంతులకు గాలి కొట్టడం, తెగిన వలలు కట్టడం నా పని. మిగతా సమయం తలుపు వేసుకుని చదువుకునేదాన్ని, రాసుకునేదాన్ని. ఇంట్లో రెండు గదుల్లో ఆరుగురం. నాకంటూ ఒక తలుపు ఉన్నది అక్కడే.

నాగవేణి పెద్దముడియం దగ్గరి పల్లె నుంచి వచ్చేది. వాళ్లది గొర్రెలు మేపే ఇల్లు. ఆమె విసిరితే డిస్కస్ మైదానం చివర నాపరాళ్ల మీద పడేది. చెక్క చుట్టూ ఉన్న ఇనుప అంచు రాయి తగిలిన చోటల్లా ముల్లులా లేచేది. మరుసటి విసురులో ఆ ముల్లు ఆమె వేలిని కోసేది. గుడ్డ చుట్టుకుంటే పట్టు దొరకదు.

అంచు పాడైతే నాకు చూపించండి, మీరు చెయ్యి పెట్టొద్దు అని మేడమ్ చెప్పే ఉంది. కానీ నాగవేణి రక్తం కారే వేలు నా ముందు పెట్టింది. నేను ఆకురాయి పట్టాను. ఒకసారి కాదు, నెలంతా. ముల్లు పోయేదాకా రాకి, ఉప్పుకాగితంతో రుద్ది, లేచిన చెక్క పెచ్చులు తీసేసి వార్నిష్ పూసేదాన్ని. నా చేతుల్లో ఒక వస్తువు బాగుపడుతోందని లోలోపల గర్వంగా కూడా ఉండేది.

నాన్న బంగారం అంగట్లో గుమాస్తా. పోటీకి రెండు రోజుల ముందు ఆయనకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్లాను. సంచిలో డిస్కస్ ఉంది. ఊరికే, తూచి చూడమన్నాను.

"ఏందిమ్మా, కిలో బిళ్ల తెచ్చినావు. కరిగించాల్నా?" అని నవ్వి త్రాసు మీద పెట్టాడు.

కిలోకు తగ్గకూడదు. పద్నాలుగు గ్రాములు తక్కువ.

మేడమ్‌కు చెబితే సరిపోయేది. గదిలో పాతది ఇంకొకటి ఉంది, అదిచ్చి పంపేది. కానీ చెబితే నేను రాకిన సంగతి బయటపడుతుంది, తాళంచెవి పోతుంది. నా భయం అంతే. పోనీ, నాగవేణికైనా చెప్పొచ్చు కదా? ఆమె గెలవాలనే నేను చెప్పలేదనీ, పాతది ఆమె చేతికి అలవాటు లేదనీ చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. నేను ఆలోచించింది నా తలుపు గురించి.

పోటీ పులివెందులలో. ముందే తూచాలి, కానీ త్రాసు రాలేదని అలాగే మొదలుపెట్టారు. మూడో విసురుకే నాగవేణి అందరినీ దాటేసింది. వేరే కాలేజీ వాళ్లు అనుమానపడ్డారు. ఈలోగా త్రాసు వచ్చింది.

"ఎవురు రాకినారు దీన్ని?" అన్నాడు తూచినాయన.

నేను ఆమె నీళ్ల సీసా పట్టుకుని పక్కనే ఉన్నాను.

"నేనే సార్. యేలు తెగుతాంటే రాకినా" అంది నాగవేణి.

"యేలు తెగుతాందంట! తేలిగ్గా పోవల్లని రాకినావు. దొంగాట ఆడతాండావు."

"పొట్టేళ్లు అమ్మేటప్పుడు గూడా తూకం ఇట్లనేనేమో" అని వెనక మా కాలేజీ అమ్మాయే ఒకతె అంటే అందరూ నవ్వారు. నాగవేణి తల దించుకుంది. నేను నీళ్ల సీసా మూత బిగించాను.

ఆమె విసుర్లన్నీ కొట్టేశారు. మేడమ్ జట్టులోంచి తీసేసింది. ఆటల టీచరు కావాలన్నది నాగవేణి కోరిక. దానికి ఆ పోటీ సర్టిఫికెట్ కావాలి. దొంగాట ఆడిందన్న మాట పల్లెకు చేరాక వాళ్లన్న కాలేజీ మాన్పించాడు. ఇప్పుడు ఆమె గొర్రెల వెంట పోతోందని విన్నాను. నేను మాత్రం ఆ గదిలో ఇంకో ఏడాదిన్నర కూర్చుని చదువుకున్నాను. కథల్లో పిరికివాళ్ల మీద కోపం కూడా తెచ్చుకున్నాను.

ఆమె ఫోన్ నంబరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. చేయలేదు. ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను, ఇది కూడా పిరికితనమేనా? మీరు జవాబివ్వకండి. రాశాక ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది, అంతే.

ఆమె కాలేజీ నుంచి టీసీ తీసుకున్న రోజు వెంట బస్సెక్కాను. దారిలో చెప్పేయాలని. జమ్మలమడుగు వచ్చేసింది. అక్కడ ఆమె బస్సు మారాలి. అప్పుడు ఏడుస్తూ "నావల్లే అయింది" అన్నాను. అంతవరకే వచ్చింది నోటికి. రాకడం గురించి అంటున్నాననుకుంది. పల్లె బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏడ్సాకు మే. నా యేలికి నొప్పి కాకుండా చేసినావు నువ్వు. తూకం తగ్గుతాదని నీకేం తెలుసు, పాపం."