తాళం తీసినా ఆగని ఇంజను

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో బండ్లు అమ్మే ఒక షాపు ముందర ఉన్నవాళ్ళం నలుగురం: నేను, మా మేనమామ కొడుకు, వాళ్ళమ్మ అయిన మా అత్త, బండ్లు చూపించే కుర్రవాడు. ఉన్న బండ్లు రెండు, రెండూ తెల్ల పికప్‌లే. ఒకటి డీజిల్‌ది, ఒకటి పెట్రోల్‌ది. కుర్రవాడు మైలేజీ, మోసే బరువు, సర్వీసు వివరాలు వరసగా చెప్పుకుపోతుంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"లోపల మాట్లాడుకుంటే ఇనపడతాదా నాయనా?"

కుర్రవాడు తెల్లబోయాడు. నాకు మాత్రం మామ పాత బండి గుర్తొచ్చింది.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. మెకానికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం వచ్చేదాకా కోయిలకుంట్లలో మామ వాళ్ళింట్లో ఉన్నాను. మామ వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. ఒకే ఇల్లు, ఇంటి ముందే ఒకే కిరాణా అంగడి, పొద్దున తలుపు తీసింది మొదలు గిరాకీ, వంట, పిల్లలు, చుట్టాలు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒక మాట ఏకాంతంగా అనుకోవడానికి చోటు లేదు. వారానికొకసారి సరుకు కోసం మామ ప్రొద్దుటూరు పోయేవాడు, పుట్టిల్లు అదే కాబట్టి అత్త కూడా పోయేది, పాత జీపుకు వెనక తొట్టి కట్టించిన ఆ పెట్రోల్ పికప్ ముందు సీట్లోనే వాళ్ళ సంసారం మాటలన్నీ సాగేవి. కిటికీ పక్కన కూర్చుని నేనూ కొన్ని విన్నాను.

అత్తది నేతపని చేసే ఇల్లు. గుడ్డ చేత్తో తాకితే చాలు, రకం చెప్పేది. ప్రొద్దుటూరులో చీరల అంగడి పెట్టుకుందామని ఆమె చాలాకాలంగా అడుగుతోంది. పెట్టడమంటే అన్నదమ్ముల నుంచి వేరుపడటమే. మామ కాదనడు, ఔననడు.

ఆ పెట్రోల్ ఇంజను మెత్తగా నడిచేది గానీ లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అప్పట్లో పెట్రోల్ ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించడం ఊరూరా జరిగేది, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అన్నదమ్ముల్లో పెద్దవాడైన పెద్దమామ అంగట్లో ఆ సంగతి అడిగితే నేను చదివిందంతా చెప్పాను: డీజిల్ ఇంజను గాలిని ఎంతో ఎక్కువగా నొక్కుతుంది, ఆ వేడికే డీజిల్ నూనె అంటుకుంటుంది, నిప్పురవ్వ అక్కర్లేదు, అదే లీటరుకు ఎక్కువ పని చేస్తుంది, కాకపోతే మోత, అదురు ఎక్కువ. చివరి ముక్క ఎవరూ పట్టించుకోలేదు.

ఇంజను మారిన రోజు మామ చెవులు మూసుకుని, "ఏమప్పా, లారీ మాదిరి ఉండాదే!" అంటే, మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "లారీ మాదిరే లాగుతాది గదన్నా, పెట్రోలు మాదిరి పాట యాడ పాడతాది!" అన్నాడు.

ట్యాంకు నిండుగా పట్టించి, పోయి వచ్చి, మళ్ళీ నిండుగా పట్టించి లెక్క కట్టడానికి నేను ప్రతి ట్రిప్పుకూ వెంట పోయాను. పన్నెండు వచ్చింది. ఇల్లంతా సంతోషపడింది, అత్త తప్ప. దారిలో ఆమె మామ చెవి దగ్గరికి వంగి ఏదో అడిగేది, ఆయన "ఆఁ?" అని చెవి చూపించి తల అడ్డంగా ఊపేవాడు. మొదట ఆయన మీద జాలేసింది. మూడో ట్రిప్పులో చూస్తే, వెనక బస్సు హారన్ కొట్టగానే ఠక్కున పక్కకు తప్పుకుంటున్నాడు.

అది అత్త కూడా గమనించింది. జమ్మలమడుగు ఇంకా రాలేదు, రెండు పక్కలా శనగ చేలు.

"బండి నిలుపు," అని అరిచింది.

"బ్యాటరీ అంతంతమాత్రం. ఆపితే మళ్ళా తొయ్యాల!"

"తోస్తాం. అల్లుడుండాడు గదా, చదువుకున్నోడు!"

మామ కాస్త వాలు చూసుకుని, ఎత్తు మీదనే రోడ్డు పక్కన నిలిపాడు, ఇంజను మాత్రం ఆపలేదు. అత్త చెయ్యి చాపి, పెట్రోల్ బండికి చేసినట్టే తాళం తిప్పి లాగేసి, "ఇప్పుడు చెప్పు," అంది. ఇంజను తన పాటికి తాను దడదడలాడుతూనే ఉంది. పెట్రోల్ ఇంజనుకు తాళం తీస్తే నిప్పురవ్వ పోయి ఆగిపోతుంది. ఆ పాత డీజిల్‌కు అసలు నిప్పురవ్వే లేదు, నూనె ఆపాలంటే డ్యాష్‌బోర్డు కింద ఒక పిడి ఉంటుంది, దాన్ని లాగాలి. అది అత్తకు తెలియదు. చేతిలో తాళం పట్టుకుని ఇంజను వైపు ఒకసారి, మామ వైపు ఒకసారి చూసింది. నాకు నవ్వొచ్చింది, ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

పిడి ఎక్కడుందో నేను చూపించి ఉండొచ్చు. చూపించలేదు. చివరికి మామ తనే వంగి పిడి లాగాడు.

ఆ నిశ్శబ్దంలో చేలల్లో గాలి వినిపించింది.

"ఇనపడక కాదు," అన్నాడు మామ. "అన్న మొగం జూసి చెప్పల్లంటే నోరు రాల్యా."

"నేను చెప్తా అయితే."

"వద్దు. నేనే చెప్తా. ఈ శనివారమే చెప్తా. నువ్వు కోడలివి, మాట నీ మీదికి రాకూడదు."

శనివారం చెప్పాడు. పెద్దమామ రెండు నెలలు మాట్లాడలేదు. చీరల అంగడి తెరిచిన రోజు మాత్రం తానే వచ్చి మొదటి చీర కొన్నాడు. ఇప్పుడు కొనబోయే పికప్ ఆ అంగడికే.

ఈనాటి డీజిల్ బండ్లకు ఆ మోత లేదు, అద్దాలు ఎక్కిస్తే గుసగుస కూడా వినిపిస్తుంది. మామ పోయి నాలుగేళ్ళయింది. అత్త ఇప్పుడు కొడుకు పక్కన కూర్చుంటుంది, వాడు దారి పొడుగునా ఫోనులో వ్యాపారం మాట్లాడుతూ ఉంటాడు. తప్పు వాడిది కాదు, ఈ కాలపు పని అలాంటిది. అయినా అంత నిశ్శబ్దమైన బండిలో ఆమె మౌనంగా కూర్చోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

మామ పిడి లాగిన ఆ రోజు, వాలులో దొర్లుతూ బండి దానికదే స్టార్టయింది, నేను తోయనక్కర్లేకపోయింది. అక్కడి నుంచి ప్రొద్దుటూరుకూ, తిరిగి ఇంటికీ మామ వేగం నలభై దాటించలేదు, ఆ వేగంలో అయితే కాస్త గొంతు పెంచితే మాట వినిపిస్తుంది. ఎడ్లబండ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటుకుని పోయాయి. కోయిలకుంట్లలో ట్యాంకు నింపి లెక్క కట్టాను. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు.